బోటులోకి దిగిన వాన

అమెరికాలో సరస్సులు ఎక్కువున్న మిషిగన్, మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో ఇళ్ల మధ్య నడుస్తుంటే, ఏదో ఒక గ్యారేజీ పక్కన నీలం టార్పాలిన్ కప్పుకున్న పాత మోటారు బోటు కనిపించి తీరుతుంది. ట్రైలరు టైర్లలో గాలి ఉండదు. టార్పాలిన్ మధ్యలో వాననీళ్లు మడుగు కట్టి, రాలిన ఆకులు అందులో కుళ్లుతుంటాయి. ఇంటాయనకు ఓపిక అయిపోయిన రోజున దానికి ఒక అట్టముక్క వేలాడుతుంది: ఉచితం, పట్టుకుపోవచ్చు. 16 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు, వెనక 70 హార్స్‌పవర్ మోటారు, ట్రైలరు, అన్నీ ఉత్తపుణ్యానికే. వారమంతా తెర ముందు కూర్చుని వారాంతంలో చేతులకు పని వెతుక్కునేవాళ్లను, అక్కడి మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లతో సహా, ఇంతగా ఊరించే వస్తువు మరోటి ఉండదు.

1980ల్లో తయారైన ఇలాంటి బోటు పాతికేళ్లు నీళ్ల మీద తిరిగి కూడా నిక్షేపంగా ఉండొచ్చు. ఆ తర్వాత పదేళ్లు నేల మీద, ఇంటి పక్కన, కదలకుండా నిలబడి పాడైపోతుంది. దాన్ని పాడుచేసేది సరస్సు కాదు, వాన. ఇంటి దగ్గర బోటు బాగుచేసుకునే పనంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. అయినా చాలామంది ముందు మోటారు మీద పడతారు, కాకపోతే రంగు మీద. ఒకటి చెవికి, ఇంకొకటి కంటికి వెంటనే ఫలితం చూపిస్తాయి కదా! నన్నడిగితే ఆ రెండూ ఆఖర్న పెట్టుకోవాల్సిన పనులు.

పేరుకి ఫైబర్ బోటే గానీ అందులో చెక్క చాలా ఉంటుంది. మోటారు వేలాడే వెనక గోడను ట్రాన్సమ్ అంటారు. సాధారణంగా ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, అంగుళన్నర మందం చేసి, దానికి రెండువైపులా ఫైబర్‌గ్లాస్ వేస్తారు. బోటు అడుగున ముందు నుంచి వెనక్కి పొడుగ్గా సాగే దూలాలు స్ట్రింగర్లు. అవీ చెక్కే, పైన ఫైబర్ తొడుగు. వాటి మీద పరిచిన ఫ్లోరు మళ్లీ ప్లైవుడ్. అంటే బూరెలో పూర్ణంలా చెక్కను అన్ని వైపులా మూసేశారన్నమాట. పైతోపు నలభై ఏళ్లయినా చెడదు. చెడేది పూర్ణం.

పైపెంకు అంత మొండిది కావడానికి కారణం దాని పుట్టుకలో ఉంది. సన్నటి గాజునారను వ్యాపార సరుకుగా మార్చిన ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ 1938లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో మొదలైంది. అదే ఊళ్లో రే గ్రీన్ అనే బోట్ల తయారీదారు గాజునారకు పాలిస్టర్ రెజిన్ జోడించి 1942 ప్రాంతంలో ఒక చిన్న తెరచాప పడవ చేశాడు. రెజిన్ అంటే తేనెలా చిక్కగా ఉండే ద్రవం. పొడుగాటి పాలిస్టర్ అణువులు స్టైరీన్ అనే ద్రావకంలో కరిగి ఉంటాయి. దానికి ఒకటి రెండు శాతం పెరాక్సైడ్ కలిపితే, పెరాక్సైడ్ విరిగి చురుకైన ముక్కలవుతుంది. ఆ ముక్కలు స్టైరీన్ అణువులను రెచ్చగొడతాయి, స్టైరీన్ వెళ్లి పక్కపక్కనున్న పాలిస్టర్ గొలుసుల మధ్య వంతెనలు కట్టేస్తుంది. కాసేపటికి ద్రవం గట్టిపడి రాయవుతుంది. ఇక దాన్ని కరిగించడం ఎవరి తరమూ కాదు. వేడిచేస్తే మాడుతుందే తప్ప మెత్తబడి మళ్లీ ద్రవం కాదు. విశాఖ, కాకినాడ తీరాల్లో మన మత్స్యకారులు వేటకు తీసుకెళ్లే ఫైబర్ బోట్లదీ ఇదే రసాయనం, ఇదే ఘాటు వాసన. కరగని గుణం వల్లే పాత బోట్లను పారేయడం ఇవాళ పెద్ద తలనొప్పి అయింది. గాజు సీసాల్లా, అల్యూమినియం డబ్బాల్లా కరిగించి కొత్తవి పోయలేరు. ఫ్రాన్స్ 2019లో కొత్త బోట్ల అమ్మకాలపై రుసుము వేసి ఆ డబ్బుతో పాతవాటిని విడగొట్టే ఏర్పాటు చేసుకుంది. చాలా చోట్ల ఇప్పటికీ ముక్కలు కోసి చెత్తగుట్టల్లో పూడ్చడమే. పాత బోటును ఇంట్లో బాగుచేసుకోవడానికి ఇదొక చిన్న సమర్థన కూడా.

ఇక పూర్ణం సంగతి. అచ్చులోంచి తీసినప్పుడు పెంకుకు ఎక్కడా చిల్లు ఉండదు. తర్వాత మనిషి చేతికి డ్రిల్లు వస్తుంది. మోటారు బిగించే నాలుగు బోల్టులకు నాలుగు రంధ్రాలు, నీళ్లు బయటికి పోయే గొట్టానికి ఒకటి, చేపల జాడ చూపే సోనార్ పరికరానికి రెండు, నిచ్చెనకు నాలుగు, ఫ్లోరు మీద సీట్లకు పదహారు. ప్రతి రంధ్రం నేరుగా ప్లైవుడ్ గుండెల్లోకి దిగుతుంది. ఫ్యాక్టరీలో ఆ రంధ్రం అంచులకు రెజిన్ పూసిన పాపాన పోలేదు. స్క్రూ చుట్టూ కాస్త సీలెంట్ రాసి వదిలేశారు. ఆ సీలెంట్ పదేళ్లకు ఎండి పగులుతుంది. వాననీళ్లు స్క్రూ మర వెంట చుక్క చుక్కగా దిగుతాయి. ప్లైవుడ్‌లోని నారలు ఆ నీటిని పొడుగునా పీల్చుకుంటాయి. లోపలికి పోయిన నీటికి ఆరిపోయే దారి లేదు, ఎందుకంటే నాలుగు వైపులా ఉన్నది నీరు దాదాపు చొరని పెంకు.

చెక్కను తినే శిలీంధ్రాలకు కావలసినవి నాలుగే: తిండి, తేమ, గాలి, మరీ చలి కాని వాతావరణం. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే అవి ఎదగలేవు. చెక్క కణాల గోడలు నీటితో పూర్తిగా తడిసే స్థాయి సుమారు 28 నుంచి 30 శాతం. అది దాటితే వాటికి పండగే. నేను అన్నిటికన్నా విచిత్రంగా భావించేది దీని తర్వాతి మెట్టు. సెల్యులోజ్‌ను అరిగించుకునేటప్పుడు శిలీంధ్రం కార్బన్ డయాక్సైడ్‌తో పాటు నీటిని కూడా తయారుచేస్తుంది. లెక్క కట్టి చూస్తే, ఒక కిలో సెల్యులోజ్ పూర్తిగా అరిగితే అర కిలోకు పైగా నీరు పుడుతుంది. అంటే ఒకసారి మొదలయ్యాక వాన రాకపోయినా కుళ్లు తన తేమను తానే కొంత సంపాదించుకుంటుంది. అందుకే స్క్రూ రంధ్రానికి ఆలస్యంగా కొత్త సీలెంట్ పూస్తే మేలు జరగకపోగా, ఉన్న తేమను లోపల భద్రంగా దాచిపెట్టినట్టవుతుంది.

ఉప్పునీరు ఈ విషయంలో మంచినీటికన్నా నయం. చెక్కను కుళ్లబెట్టే మామూలు శిలీంధ్రాలు ఉప్పును ఓర్చుకోలేవు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా తూర్పు తీరాన చెక్క ఓడలు కట్టేవాళ్లు ఓడ పక్కటెముకల మధ్య ఖాళీల్లో రాతి ఉప్పు కూరేవాళ్లు. పైనుంచి వాన కారినా ఉప్పును కరిగించుకుంటూ దిగాలని వాళ్ల ఆలోచన. సరస్సుల మీద తిరిగే బోటుకు ఆ అదృష్టం లేదు. పైన మంచినీరే, కింద మంచినీరే.

కాబట్టి అట్టముక్క తగిలించిన బోటు దగ్గరికి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సింది చిన్న సుత్తి. ట్రాన్సమ్ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు వరసగా కొట్టుకుంటూ పోవాలి, మెల్లగా. మంచి చెక్క ఉన్నచోట శబ్దం టంగుమని తిరిగొస్తుంది. తడిసి మెత్తబడ్డ చోట దబ్‌మని చచ్చిపోతుంది. ఆ మార్పు ఎక్కడ మొదలైందో పెన్సిలుతో గీసుకుంటూ పోతే కాసేపటికి గోడ మీద ఒక పటం తయారవుతుంది. దాదాపు ఎప్పుడూ అది మోటారు బోల్టుల దగ్గరా, నీటి గొట్టం దగ్గరా మొదలై కిందికి వెడల్పవుతూ ఉంటుంది. తర్వాత మోటారు కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపాలి. మోటారుతో పాటు గోడ కూడా ఊగితే, ఆ ఊపు కంటికి ఆనితే, ఇక అనుమానం అక్కర్లేదు.

అప్పటికీ ఆశ చావకపోతే డ్రిల్లు ఉండనే ఉంది. బోటు లోపలివైపు నుంచి, బయటి పెంకు దాకా పోకుండా, పావంగుళం రంధ్రం ఒకటి వేసి, డ్రిల్లు వెంట వచ్చే పొట్టును అరచేతిలో పట్టుకోవాలి. మొదట తెల్లటి పొడి వస్తుంది, అది ఫైబర్. ఆ వెనక గోధుమ వన్నెలో పొడిపొడిగా, కొత్త పలక కోసినప్పటి వాసనతో పొట్టు వస్తే బతికిపోయినట్టే. ముదురు కాఫీ రంగులో, ముద్దగా, వేళ్ల మధ్య నలిపితే నీరు చెమ్మగిల్లుతూ వస్తే, పుట్టగొడుగుల వాసన వేస్తే, గోడ మొత్తం మార్చాలి. ఒక్కోసారి రంధ్రంలోంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు ధారగా కారతాయి. ఇంటాయన పక్కనే నిలబడి 'ఈమధ్య వానలు కాస్త ఎక్కువండీ' అంటే నవ్వి ఊరుకోవాలి. బోటు కొనకముందే ఈ పరీక్షకు ఒప్పుకోని యజమాని దగ్గర బేరం వదులుకోవడమే మంచిది.

కాస్త మెత్తబడితే కొంపలు మునిగాయా అని అడిగేవాళ్లుంటారు. మునుగుతాయి. చిన్న లెక్క చూడండి. పలకను వంచడానికి పట్టే బలం దాని మందం ఘనంతో పెరుగుతుంది. ట్రాన్సమ్‌లో లోపలి ఫైబర్ పొర 5 మిల్లీమీటర్లు, బయటి పొర 5, మధ్యలో చెక్క 38 అనుకుందాం. చెక్క గట్టిగా పట్టుకుని ఉన్నంతకాలం రెండు పొరలూ కలిసి 48 మిల్లీమీటర్ల ఒకే దిమ్మలా పనిచేస్తాయి. ఒకటి సాగడాన్ని, ఇంకొకటి నలగడాన్ని తట్టుకుంటాయి. చెక్క కుళ్లి జావైతే రెండూ విడిపోయి దేనిమటుకు అది వంగుతుంది. 48 ఘనంలోంచి 38 ఘనం తీసేస్తే వచ్చేదాన్ని, రెండు 5ల ఘనాలతో పోల్చి చూస్తే తేడా 200 రెట్లకు పైనే. చెక్క బలంగా ఉండనవసరం లేదు, రెండు పొరల్నీ జారనివ్వకుండా పట్టి ఉంచితే చాలు. కుళ్లిన చెక్క చేయలేనిది సరిగ్గా ఆ ఒక్క పనే. గోధుమ రంగు కుళ్లు పట్టిన చెక్క బరువులో 10 శాతం పోయేసరికే బలంలో సగానికి పైగా పోగొట్టుకుంటుంది. చూపులకు మాత్రం ఇంకా చెక్కలాగే ఉంటుంది.

ఆ గోడ మీద వేలాడేది వంద కిలోల పైచిలుకు మోటారు. పూర్తి వేగంలో 70 హార్స్‌పవర్ మోటారు ప్రొపెల్లరు సుమారు 200 కిలోల బరువుకు సమానమైన తోపుడు ఇస్తుంది. అదీ గోడ కింద అంచుకన్నా దిగువన, మీట వేసినట్టుగా. బోటు అల మీంచి కిందికి పడినప్పుడల్లా దీనికి మోటారు బరువు కుదుపు తోడవుతుంది. సరస్సు మధ్యలో మోటారు గోడతో సహా ఊడి నీళ్లలో పడ్డ సంఘటనలు వినడానికి హాస్యంగా ఉంటాయి, ఊడినచోట బోటులోకి నీళ్లెలా వస్తాయో ఊహించుకునేదాకా.

ట్రాన్సమ్ కుళ్లిందంటే ఫ్లోరు, స్ట్రింగర్లు కూడా పోయి ఉంటాయనే లెక్క వేసుకోవాలి. అప్పుడు చేయాల్సింది శస్త్రచికిత్స. ఫ్లోరు కోసి తీసెయ్యాలి. అయితే రంపం పట్టుకునే ముందు ఒక జాగ్రత్త. పదహారడుగుల పెంకు దూలాల ఆసరా లేకపోతే తన బరువుకి తానే వంగుతుంది. బోటు అడుగు ఒంపుకు సరిపడేలా చెక్క తొట్టె కట్టి, దాని మీద కూర్చోబెట్టి, ముందు నుంచి వెనక్కి దారం లాగి, రసమట్టంతో చూసి, అప్పుడు దూలాలను ఒకటి తర్వాత ఒకటిగా మార్చాలి. అన్నీ ఒకేసారి పీకేసి కొత్తవి బిగిస్తే, అడుగు ఎలా వంగి ఉందో అలాగే శాశ్వతంగా బిగిసిపోతుంది. వెనక కొసలో అర అంగుళం లోపలికి గుంట పడితే చాలు, వేగం మీద ముక్కు నీళ్లలోకి వంగుతుంది. బయటికి ఉబ్బితే ముక్కు గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది.

కోత, గ్రైండింగు ఈ పనిలో అతి రోత భాగం. గాజునార ధూళి ఒంటికి అంటితే దురద రెండు రోజులు వదలదు. వేణ్నీళ్లతో స్నానం చేస్తే చర్మరంధ్రాలు తెరుచుకుని ఇంకా లోపలికి పోతుందని, ముందు చన్నీళ్లు పోసుకోమని ఈ పని చేసినవాళ్లంతా చెబుతారు. ఒళ్లంతా కప్పే కాగితపు సూటు, కళ్లద్దాలు, మామూలు గుడ్డ మాస్కు కాకుండా ఫిల్టర్ డబ్బాలున్న మాస్కు తప్పనిసరి. రెజిన్ పనిలో స్టైరీన్ ఆవిరి ఇంకో బెడద. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో దాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల జాబితాలోకి మార్చింది. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచాం కదా అంటే సరిపోదు. ఇంట్లోకి గాలి పోయే దారి మూసి, ఫ్యాను బయటికి తిప్పి, అప్పుడు డబ్బా మూత తియ్యాలి.

కొత్త ప్లైవుడ్‌ను అతికించడానికి ఏ రెజిన్ వాడాలన్నది బోట్లవాళ్ల మధ్య తెగని తగవు. ఫ్యాక్టరీలో పాలిస్టర్ వాడారు కాబట్టి మనమూ అదే వాడదాం, చవక కూడా, అని ఒక వాదన. చవకన్న మాట నిజం; ఇంకో రకం రెజిన్ అయిన ఎపాక్సీ దానికి రెండు మూడు రెట్లు ఖరీదు. కానీ ఫ్యాక్టరీలో ఒక పొర మీద ఇంకో పొర పచ్చిగా ఉండగానే వేస్తారు, స్టైరీన్ వంతెనలు పొరల మధ్య కూడా కట్టుకుంటాయి. ఎప్పుడో గట్టిపడ్డ పెంకు మీద కొత్త పాలిస్టర్ వేస్తే అలాంటి బంధం ఏర్పడదు. గరుకు కాగితంతో రుద్దిన గీతల్లో పట్టుకుని వేలాడడమే. పైగా గట్టిపడేటప్పుడు పాలిస్టర్ ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోయి అతుకును తానే లాగుతుంది. ఎపాక్సీ అంతగా కుంచించుకోదు. దాని అణువుల్లో పుట్టే హైడ్రాక్సిల్ గుంపులు చెక్కనూ పాత ఫైబర్‌నూ గట్టిగా అంటిపెట్టుకుంటాయి. మిషిగన్‌లోని బే సిటీలో గూజన్ సోదరులు 1969లో మొదలుపెట్టిన కంపెనీ, చెక్కను ఎపాక్సీతో పూర్తిగా పూతపట్టి తేమ చొరకుండా చేసే పద్ధతిని ఇంటి పనివాళ్ల దాకా తీసుకెళ్లింది. నా ఓటు ఎపాక్సీకే, కనీసం నీటి రేఖ కింద ఉండే ప్రతి అతుకుకీ.

రెండింటి స్వభావమూ వేరు, అక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. పాలిస్టర్‌లో పెరాక్సైడ్ చుక్కలు తగ్గిస్తే నెమ్మదిగా, పెంచితే తొందరగా గట్టిపడుతుంది. ఎపాక్సీలో ఆ చనువు పనికిరాదు. అక్కడ రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ నిప్పు రాజేసే రవ్వ కాదు, కట్టడంలో భాగమైన ఇటుక. ఐదుకొకటి అని డబ్బా మీద రాస్తే ఐదుకొకటే. ఎక్కువ పోస్తే మిగిలిన హార్డెనర్ ఎప్పటికీ జిగటగా అలాగే ఉండిపోతుంది. ఇంకో తేడా గాజునార చాపల్లో ఉంది. పొట్టి నారలను చిందరవందరగా పరిచి తయారుచేసే చాపలో నారల్ని పట్టి ఉంచే బంక సాధారణంగా స్టైరీన్‌లో కరిగేది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, బంక కరగదు, చాప బిరుసుగా మూలల దగ్గర లేచి నిలబడుతుంది. ఎపాక్సీకి దారంతో కుట్టిన నార గుడ్డ తీసుకోవాలి.

కలిపిన రెజిన్‌ను కప్పులో నిండా ఉంచి, ఫోను వచ్చిందని పక్కకు వెళ్లొస్తే ఏమవుతుందో చూడదగ్గదే. గట్టిపడే చర్య వేడిని పుట్టిస్తుంది. వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది. పల్చగా పరిచినప్పుడు ఆ వేడి గాలిలోకి పోతుంది. కప్పులో పోగుపడితే పోవడానికి దారి లేదు. ముందు కప్పు చేతికి గోరువెచ్చగా తగులుతుంది. రెండు నిమిషాల్లో పట్టుకోలేం. ప్లాస్టిక్ కప్పు ఒక పక్కకి వాలిపోతుంది, ద్రవం పసుపు తిరిగి నెర్రెలు విచ్చుతుంది, చివరికి పొగలు కక్కుతుంది. ఉష్ణోగ్రత సులువుగా వంద డిగ్రీలు దాటుతుంది. అందుకే కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో ఒంపేస్తారు. అంతే రెజిన్, అదే మోతాదు, కానీ వాడుకునే వ్యవధి పెరుగుతుంది.

పాత పెంకును కొత్తదానితో కలిపేచోట అంచును ఏటవాలుగా అరగదీయాలి; మందం ఒకటైతే వాలు పన్నెండు. 5 మిల్లీమీటర్ల పెంకుకు 6 సెంటీమీటర్ల వాలు. ఎక్కువ వైశాల్యం మీద బలం పంచుకోవడానికే ఇది. ఇక మొత్తం కథకు మూలమైన స్క్రూ రంధ్రాలు. వాటిని ఈసారి ఫ్యాక్టరీ చేసినట్టు చెయ్యకూడదు. కావలసినదానికన్నా వెడల్పు రంధ్రం వేసి, అందులో సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు రంధ్రం తొలవాలి. అప్పుడు సీలెంట్ ఎప్పుడు పగిలినా నీటికి ఎదురయ్యేది ఎపాక్సీ గొట్టమే గానీ చెక్క కాదు. ఒక్కో రంధ్రానికి అదనంగా పట్టేది పావుగంట. ఆ పావుగంట ఆదా చేసుకున్నందుకే ఇన్ని బోట్లు ఇళ్ల పక్కన పుచ్చుతున్నాయి.

ఫ్లోరు తీసినప్పుడు దూలాల మధ్య పసుపు రంగు ఫోమ్ కనిపిస్తుంది. బోటు నిండా నీళ్లొచ్చినా పూర్తిగా మునగకుండా తేల్చే ఏర్పాటది. అమెరికాలో 1971 నాటి బోటు భద్రతా చట్టం వెంట వచ్చిన నియమాల ప్రకారం 20 అడుగుల లోపు బోట్లకు ఇది తప్పనిసరి. 1978 జులై తర్వాత తయారైన, మోటారు వెనక బయట వేలాడే చిన్న అవుట్‌బోర్డ్ బోట్లయితే నీళ్లు నిండినా సమతలంగా తేలాలి. నీళ్లలో పడ్డవాళ్లు దాన్ని పట్టుకుని ఉండాలి కదా. క్యూబిక్ మీటరు ఫోమ్ బరువు సుమారు 32 కిలోలు. అది పక్కకు నెట్టే నీరు 1,000 కిలోలు. మిగిలిన 968 కిలోలూ తేల్చే బలమే.

ఈ ఫోమ్‌ను అందరికన్నా బాగా అమ్ముకున్నది బోస్టన్ వేలర్ బోట్ల కంపెనీ. డిక్ ఫిషర్, రే హంట్ కలిసి 1958లో తెచ్చిన 13 అడుగుల బోటులో లోపలి పెంకుకూ బయటి పెంకుకూ మధ్య ఖాళీ లేకుండా ఫోమ్ నింపారు. 1961లో లైఫ్ పత్రిక ఒక ఫొటోల వరస వేసింది. నీళ్లలో ఉన్న బోటును రంపంతో మధ్యకు కోస్తారు, ఫిషర్ వెనక సగంలో కూర్చుని మోటారు నడుపుకుంటూ వెళ్లిపోతాడు. అంతకు మించిన ప్రకటన ఏం కావాలి! అయితే ఫోమ్ కూడా అమరం కాదు. దాని గదులు మూసే ఉన్నా, ఏళ్ల తరబడి నీళ్లలో నానుతూ, ఎండకు వేడెక్కి, మంచుకు గడ్డకట్టి, కొంచెం కొంచెంగా నీరు లోపలికి చేరుతుంది. పాత బోటు ఇలా వందల కిలోల నీటిని బయటికి తెలియకుండా మోస్తుండొచ్చు. దీన్ని పట్టుకునే సులువైన దారి, లారీలు తూచే కాటా మీద ట్రైలరుతో సహా తూయించి, ట్రైలరు బరువు తీసేసి, తయారీదారు చెప్పిన బరువుతో పోల్చడం.

ఆ బరువు వేగం మీద పగ తీర్చుకుంటుంది. నెమ్మదిగా పోయే బోటు తను పుట్టించిన అలల మధ్యే ఇరుక్కుంటుంది. నీటి మీద 16 అడుగుల పొడవున్న బోటుకు ఆ హద్దు గంటకు సుమారు 10 కిలోమీటర్లు. దాన్ని దాటాలంటే తన ముందు అల మీదికి తానే ఎక్కి, అడుగు భాగం నీటిని కిందికి నెట్టే ఒత్తిడి మీద తేలుతూ జారాలి. బోట్లవాళ్ల భాషలో ప్లేనింగ్. 300 కిలోల దొంగనీరు మోసే బోటు ముక్కు ఆకాశంలో పెట్టి, మోటారు రొదపెడుతుంటే ఆ అల వెనకే కొట్టుమిట్టాడుతుంది. యజమాని మోటారుకు జబ్బు చేసిందనుకుంటాడు.

లోహాల సంగతికొస్తే, మోటారు కాలు అల్యూమినియం, ప్రొపెల్లరు తరచూ స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు వేర్వేరు లోహాలు నీళ్లలో కలిసి ఉంటే బ్యాటరీ అవుతుంది, బలహీనమైనది కరుగుతుంది. దీనికి విరుగుడు కనిపెట్టింది బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున రాగిరేకు తాపడం చేసేది. సముద్రపు నీరు రాగిని తినేస్తోందంటే, 1824లో డేవీ రాగికి ఇనుము, జింకు ముక్కలు తగిలించాడు. రాగి బదులు అవి కరిగాయి. సిద్ధాంతం నూటికి నూరుపాళ్లు గెలిచింది, ఓడలు మాత్రం ఓడిపోయాయి. కరిగే రాగి విషానికే అంతదాకా గవ్వజీవులు, నాచు దూరంగా ఉండేవి. రాగి కరగడం ఆగగానే అవి ఓడ అడుగున కాలనీలు కట్టాయి, వేగం పడిపోయింది. ఇవాళ్టి బోటు మోటార్లకు తగిలించే బలిలోహం ముక్కలు డేవీ ఆలోచనే. ఉప్పునీటికి జింకు, మంచినీటికి మెగ్నీషియం. సరస్సు నీరు కరెంటును అంతగా పోనివ్వదు కాబట్టి అక్కడ జింకు బద్ధకిస్తుంది. సముద్రంలో మెగ్నీషియం పెడితే వారాల్లో మాయమవుతుంది. పాత బోటు ఉప్పునీటి రాష్ట్రం నుంచి వచ్చిందేమో చూసి ముక్క మార్చడం మర్చిపోకూడదు.

మోటారుకు చెయ్యాల్సింది పెద్దగా లేదు, అది ఆరోగ్యంగా ఉంటే. ప్రతి సిలిండరు కంప్రెషన్ చూసి, నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరు మార్చి, కార్బురేటర్లు విప్పి కడగాలి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు వాడొద్దు. అమెరికాలో మామూలు పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమను పట్టి పెట్టుకుంటుంది. నీరు సుమారు అర శాతం చేరేదాకా అంతా కలిసే ఉంటుంది. అది దాటితే ఇథనాల్, నీరు రెండూ చేతులు కలిపి అడుగుకు దిగిపోతాయి. ఇంధనం పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక, నెలల తరబడి కదలని పాత స్కూటర్ల విషయంలో మనవాళ్లు అడుగుతున్న ప్రశ్నలు బోట్లవాళ్లకు పాతవే. మోటారు బోటు లోపలే ఉండే రకమైతే ఇంకో ప్రమాదముంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు; బోటు అడుగున గిన్నెలో నీళ్లలా నిలుస్తుంది. స్టార్టు చేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయరు తిప్పమని అక్కడ నోటీసు అంటించి ఉంటుంది. డబ్బు మిగులుతుందని కారు ఆల్టర్నేటరు తెచ్చి అందులో పెడితే దాని నిప్పురవ్వలకు అడ్డు ఉండదు.

పైన మెరుపు చివరి పని, సులువు పని. పెంకు మీది రంగు పూతను జెల్‌కోట్ అంటారు, మందం అర మిల్లీమీటరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని పైపై అణువుల్ని విరగ్గొడితే సున్నంలా తెల్లబారుతుంది. నీళ్లు పోస్తూ సన్న కాగితంతో ఆ పొర గీకి, పాలిష్ చేసి, మైనం పూస్తే కింది రంగు బయటపడుతుంది. కొత్తగా వేసిన ఎపాక్సీ మీద మాత్రం రంగు పడాల్సిందే. ఎండకు ఎపాక్సీ నిలవదు.

ఇంత చేశాక బోటును నిలబెట్టే తీరు మారాలి. ట్రైలరు ముక్కు ఎత్తుగా పెట్టి, వెనక డ్రెయిన్ ప్లగ్ ఊడదీసి, కవరు కింద గుడారంలా వాలు వచ్చేలా కర్ర నిలబెట్టాలి. నీలం టార్పాలిన్ బోటును తడవనివ్వదు నిజమే, కానీ లోపలి తేమనూ ఆరనివ్వదు. గాలి ఆడే కవరు కావాలి. తీసిన ప్లగ్‌ను కారు తాళాలకు కట్టుకోవడం పాతకాపుల అలవాటు. ర్యాంపు మీంచి బోటును నీళ్లలోకి దించాక అది పెట్టలేదని గుర్తొచ్చినవాళ్లు ప్రతి సరస్సు దగ్గరా దొరుకుతారు.

మొదటిరోజు ఒడ్డు విడవకముందే మోటారు వెనక నుంచి సన్నటి నీటిధార పడుతోందో లేదో చూడాలి. పంపు పనిచేస్తోందనడానికి అది గుర్తు. ఫ్లోరు కింద కొత్త అతుకుల దగ్గర టార్చి వేసి తడి వెతకాలి. ఆ తర్వాత వెడల్పు చోటు చూసుకుని పూర్తిగా యాక్సిలరేటర్ ఇచ్చి ఆర్పీఎం మీటరు చదవాలి. ప్రతి మోటారుకూ పూర్తి వేగంలో ఇంత నుంచి ఇంత అని కంపెనీ ఒక పరిధి ఇస్తుంది. తడి ఫోమ్, తడి చెక్క తీసేసిన బోటు తేలికైంది కనుక, పాత ప్రొపెల్లరుతో మీటరు ఆ పరిధి దాటి పోవచ్చు. అప్పుడు పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు జరిగే దూరం) ఒక అంగుళం ఎక్కువున్న ప్రొపెల్లరు వేస్తే సుమారు 150 నుంచి 200 ఆర్పీఎం తగ్గుతుంది.